మెటబాలిజం పోయిందన్న టీచర్ గారు: 14 నెలల కేసు

“మంచినీళ్లు తాగినా ఒళ్లు చేస్తోంది మేడమ్. నా మెటబాలిజం పోయింది. దాన్ని మళ్లీ తెప్పించే చార్టు ఏదైనా ఉంటే రాసివ్వండి.”

2024 ఆగస్టులో, బోనాలు అయిపోయిన కొద్ది రోజులకు, హైదరాబాద్ తార్నాకలోని నా డైట్ క్లినిక్‌లో కుర్చీలో కూర్చోగానే ఆవిడ అన్న మొదటి మాట ఇది. వయసు 48. ఉండేది నాచారంలో. ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు హెడ్మిస్ట్రెస్. నలభై దాటినవాళ్ల నోట ఈ మాట నేను దాదాపు రోజూ వింటాను. ఈ ఒక్క కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. మెటబాలిజం అంటే ఒళ్లు శక్తిని ఖర్చు పెట్టే తీరు. అది తగ్గడమనే మాటలో ఎంత నిజముందో, ఎంత లేదో ఈవిడ దగ్గర కళ్లకు కట్టినట్టు బయటపడింది. ఆవిడ అనుమతి తీసుకునే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. బడిలో, వీధిలో అందరూ పిలిచినట్టే నేనూ టీచర్ గారు అనే రాస్తాను.

వచ్చిన రోజు

ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 74.6 కిలోలు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే లెక్క) 31. మన భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము చుట్టుకొలత 97 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. బీపీ 138/86. ఆవిడ తెచ్చుకున్న రిపోర్టులో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్, 6.1. 5.7 నుంచి 6.4 వరకు ప్రీ-డయాబెటిస్ అంటారు, అంటే షుగర్ ఇంకా ఇంట్లోకి రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చింది. రక్తంలో కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్లు, 198. స్కానింగులో ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1.

ఆరేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు. “అంతా థైరాయిడ్ వల్లే” అని ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. కానీ థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 2.9, చక్కగా అదుపులో ఉంది. మాత్రతో థైరాయిడ్ అదుపులో ఉన్న మనిషి ఏటా రెండు కిలోలు పెరుగుతుంటే ఆ తప్పు థైరాయిడ్ మీద వేయలేం. అసలు మందే వాడని థైరాయిడ్ లోపంలో కూడా దానివల్ల పెరిగేది మామూలుగా కొద్ది కిలోలే. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిపోయే ఉప్పూ నీరే. ఈ మాట చెప్పినప్పుడు ఆవిడ ముఖం చిన్నబోయింది. ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్న కారణం చేజారిపోతే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

బరువు చరిత్ర అడిగితే ఏడాదులతో సహా చెప్పారు. 28 ఏళ్లప్పుడు 54 కిలోలు. 42లో 62. 2020లో కరోనాకు బడులు మూతపడేనాటికి 64, మళ్లీ పూర్తిగా తెరుచుకునేనాటికి 69. 2022లో ఎవరో చెబితే మూడు నెలలు లిక్విడ్ డైట్ చేసి 70 నుంచి 62కి వచ్చారు. ఏడాది తిరిగేసరికి 73. లిక్విడ్ డైట్ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించారు, అదేదో నేరం చేసినట్టు. అది ఆవిడ తప్పు కాదని అప్పుడే చెప్పాను. కానీ దాని నష్టం ఎక్కడుందో చూపించాల్సి వచ్చింది. చేతులు గుండెల మీద కట్టుకుని, 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూశాం. 9 సార్లు. ఇదే పరీక్షలో 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు 12 కన్నా తక్కువ చేస్తేనే బలహీనత కింద లెక్క. టీచర్ గారికి అప్పటికి 48.

ఆకలితో పస్తులుండి వేగంగా తగ్గినప్పుడు కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. మళ్లీ పెరిగేటప్పుడు వచ్చేది ఎక్కువగా కొవ్వే. తూకం పాతచోటికే వచ్చినా లోపలి మనిషి మారిపోతుంది.

నేను చేసిన తప్పు

మొదటి రోజే రక్తపరీక్ష రాసిచ్చాను. కానీ ఆవిడ తొందర చూసి, రిపోర్టు రాకముందే 1,200 కేలరీల చార్టు కూడా చేతిలో పెట్టాను. నా దగ్గర అలాంటి చార్టులు సిద్ధంగా ఉండేవి. అదే పొరపాటు. మూడు వారాల్లో 2.7 కిలోలు తగ్గి సంబరంగా ఫోన్ చేశారు. ఐదో వారంలో ప్రార్థన సమయంలో పిల్లల ముందే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారట. సెప్టెంబర్ ఆఖరుకు బరువు 74.2. మొదట పోయినదాంట్లో ఎక్కువ నీరే, అది తిరిగొచ్చేసింది.

ఈలోపు వచ్చిన రిపోర్టులో హిమోగ్లోబిన్ 10.4, అంటే రక్తహీనత. ఏడాదిగా పీరియడ్స్ క్రమం తప్పాయి, వచ్చినప్పుడు రక్తస్రావం బాగా ఎక్కువ. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. “ఈ వయసులో అందరికీ అంతే కదా మేడమ్” అన్నారు. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి ఒళ్లు పీకేయడం, ఆదివారమంతా మంచం మీదే ఉండటం, ఇవన్నీ బద్ధకం అనుకున్నారు ఇంట్లోవాళ్లు, ఆవిడతో సహా. రక్తం లేని మనిషికి తిండి తగ్గించి నడవమని చెప్పాను నేను. గైనకాలజిస్టు దగ్గరికి పంపాం. మెనోపాజ్ ముందు దశ, గర్భాశయంలో చిన్న ఫైబ్రాయిడ్ గడ్డ. చికిత్స మొదలైంది, ఐరన్ మాత్రలు ఇచ్చారు. నేను చేర్చిన మాట ఒక్కటే: మాత్రకు గంట ముందు, గంట తర్వాత టీ వద్దు. ఆవిడ అప్పటిదాకా టీతోనే వేసుకుంటున్నారు.

అప్పటినుంచి మెనోపాజ్ వయసు ఆడవాళ్లకు రక్తపరీక్ష చూడకుండా నేను చార్టు రాయడం మానేశాను.

ఎర్ర పెన్నుతో ఒక లెక్క

అక్టోబర్ మొదట్లో మళ్లీ కూర్చున్నాం. ఈసారి చార్టు లేదు, తెల్ల కాగితం ఒకటి. మనం కదలకుండా పడుకున్నా గుండె, మెదడు, కాలేయం, మూత్రపిండాలు నడవడానికి రోజుకు ఎన్ని కేలరీలు ఖర్చవుతాయో అంచనా వేయడానికి 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం ఉంది. కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో హెచ్చించి కలపాలి. వయసును 5తో హెచ్చించి తీసేయాలి. ఆడవాళ్లయితే ఇంకో 161 తీసేయాలి.

లెక్క నేను చేయలేదు. ఆవిడ బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి తనే చేశారు. 1,314 వచ్చింది. “ఇప్పుడు 28 ఏళ్లు, 54 కిలోలు వేసి చూడండి” అన్నాను. 1,208. ఒకసారి కొట్టేసి మళ్లీ చేశారు. అదే వచ్చింది.

“ఇదేంటి మేడమ్? పెళ్లయిన కొత్తలో కన్నా ఇప్పుడే ఎక్కువ ఖర్చవుతోందా?”

అవును. పెద్ద ఒంటిని నడపడానికి ఎక్కువే కావాలి. ఆ సూత్రంలో వయసు తీసుకెళ్లేది ఏడాదికి 5 కేలరీలు. ఇరవై ఏళ్లకు 100, అంటే చక్కెర వేసిన ఒక కప్పు పాల టీ. ఇది సగటు సూత్రమే, మనిషిని బట్టి అటూఇటూ అవుతుంది. లిక్విడ్ డైట్ లాంటివి చేసినవాళ్లలో ఒళ్లు పొదుపు నేర్చుకుని అంచనా కన్నా కొంత తక్కువ ఖర్చు పెట్టడం కూడా ఉంది. అది దాచకుండా చెప్పాను. కానీ ‘పోయింది’ అనేంత మార్పు అందులో లేదు.

2021లో సైన్స్ పత్రికలో హెర్మన్ పాంట్జర్ బృందం వేసిన పరిశోధన గురించీ చెప్పాను. 8 రోజుల పసికందు నుంచి 95 ఏళ్ల వృద్ధుల దాకా 6,400 మందికి పైగా మనుషుల శక్తి ఖర్చును కొలిచిన లెక్కలు అందులో ఉన్నాయి. ప్రత్యేకమైన నీళ్లు తాగించి, మనిషి రోజువారీ పనుల్లో ఉండగానే కొలిచే పద్ధతి అది. ఒంటి పరిమాణం, కొవ్వు కాని భాగం లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా ఖర్చు దాదాపు సమంగానే ఉంది. 60 దాటాకే ఏటా 0.7 శాతం చొప్పున మెల్లగా తగ్గింది. ఆడవాళ్లలో మెనోపాజ్ దగ్గర ఏదో పెద్ద పతనం కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు, ఆ లెక్కల్లో అది కనిపించలేదు.

మెనోపాజ్ ఏమీ చేయదని కాదు. ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గేకొద్దీ తుంటి, తొడల దగ్గర చేరే కొవ్వు పొట్ట దగ్గర చేరడం మొదలవుతుంది. నిద్ర చెడుతుంది. కండ తగ్గుతుంది. అందుకే ‘బరువు కన్నా పొట్టే ఎక్కువ పెరిగింది’ అని టీచర్ గారు అన్నది వంద శాతం నిజం.

కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంటూ ఆవిడ అడిగిన ప్రశ్నే ఈ కేసుకు అసలు మలుపు. “మరి మేడమ్, ఈ ఆరేళ్లలో పెరిగిన 12 కిలోలు ఎక్కణ్నుంచి వచ్చాయి?”

మాయమైన నడక

ముందు ఫోన్ చూశాం. గత నెల సగటు రోజుకు 2,900 అడుగులు. పాత రోజుల లెక్క ఫోన్‌లో లేదు, అందుకని మాటల్లోనే తవ్వాం. 2018 దాకా రెండు బస్సులు మారి, దిగాక కిలోమీటరున్నర నడిచి బడికి వెళ్లేవారు. బడిలో కుర్చీ ఉన్నా కూర్చునే తీరిక ఉండేది కాదు, ఒకటో తరగతి పిల్లల వెనక పరుగే. సొంత ఇల్లు, మేడ మీద బట్టలు ఆరేయడం, వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం. తర్వాత కారు కొన్నారు. అపార్ట్‌మెంటుకు మారారు, మూడో అంతస్తు, లిఫ్టు. పనమ్మాయి వచ్చింది. కొడుకు పుణేలో ఉద్యోగానికి వెళ్లాడు. ఏడాది కిందట ప్రమోషన్, ఆ తర్వాత రోజంతా రిజిస్టర్లు, ఫోన్‌లో అప్‌లోడ్లు, మీటింగులు.

వీటిలో ఏ ఒక్కటీ చెడ్డ మార్పు కాదు. కష్టపడి సంపాదించుకున్న సుఖాలు. ఒక్కోటీ రోజుకు నలభై యాభై కేలరీల పని తీసేసుకుని పోయింది, ఎవరికీ తెలియకుండా. ఆరేళ్లలో 12 కిలోలంటే ఏడాదికి 2 కిలోలు. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలు. ముతక లెక్కలో రోజుకు 42 కేలరీల మిగులు. ఒళ్లు పెరిగేకొద్దీ దాన్ని మోసే ఖర్చూ పెరుగుతుంది కాబట్టి నిజమైన మిగులు ఇంతకన్నా ఎక్కువే ఉండాలి. అయినా ఎవరి కంటా పడేంత పెద్దది కాదు.

తిండి వైపు, మొదటి రోజు ఆవిడ చెప్పిన జాబితా 1,400 కేలరీలు దాటలేదు. అబద్ధం చెప్పలేదు. తింటున్నానని తనకే తెలియనిది రాయలేదు, అంతే. ఉదాహరణకు, మధ్యాహ్న భోజనం పిల్లలకు వడ్డించే ముందు హెడ్మాస్టరో టీచరో రుచి చూడాలి. టీచర్ గారు ఒక ముద్ద కాదు, ఒక ప్లేటు తినేవారు. “పిల్లలు తినేది నేను సరిగ్గా తిని చూడకపోతే ఎట్లా?” ఆ మాటకు నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. గంట తర్వాత ఇంటి బాక్సు కూడా తెరిచేవారు. డైరీలో బాక్సు ఉంది, ప్లేటు లేదు. “అది తినడం కాదు కదా మేడమ్, డ్యూటీ.” అక్కడే 250 దాకా ఉన్నాయి. బాక్సు మానేసి ఆ ప్లేటునే భోజనం చేసుకోమన్నాను, గుడ్డు ఉన్న రోజు గుడ్డుతో సహా. ఇంటి నుంచి పెరుగు, కీరా ముక్కలు మాత్రం.

ఇంకొకటి, శనివారం ఒక్కపొద్దు. పగలు అన్నం లేదు గనుక రాత్రి పూరీయో, సగ్గుబియ్యం ఉప్మాయో, రెండు అరటిపళ్లు, వేయించిన పల్లీలు. వారంలో అన్నిటికన్నా ఎక్కువ కేలరీలు వెళ్లేది ఉపవాసం రోజునే, 2,100. ఉపవాసం మానమని నేను ఎవరికీ చెప్పను, అది నా పని కాదు. రాత్రి పెసరట్టు, ఒక గ్లాసు మజ్జిగ తినండి అన్నాను. దేవుడికీ అభ్యంతరం ఉండదు, ఒంటికీ మేలు.

అత్తమ్మ, నూనె క్యాను

ఆ ఇంట్లో వంట అత్తమ్మది. 74 ఏళ్లు, గట్టి మనిషి. కోడలితో మాట్లాడి లాభం లేదని ఆవిడనూ రమ్మన్నాను. వస్తూనే అన్నారు: “నేను పెట్టకపోతే ఎవరు పెడ్తరు బిడ్డా? పొద్దుగాల పోతె పొద్దుమూకి వస్తది. కడుపునిండ తినొద్దా?”

అన్నం గురించి నేనేమీ అనలేదు. నెలకు నూనె ఎన్ని ప్యాకెట్లు అని మాత్రం అడిగాను. ఐదు, ముగ్గురికి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు. మనిషికి రోజుకు 50 గ్రాములు, అంటే 450 కేలరీలు నూనెలోంచే. మా క్లినిక్‌కు కూతవేటు దూరంలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 1918లో కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ. వాళ్లు రోజుకు 2,000 కేలరీల ఆహారానికి వేసిచ్చిన పళ్లెంలో నూనె, కొవ్వు 27 గ్రాములే.

“గింత నూనెతోని కూర ఎట్లయితది?” అన్నారు అత్తమ్మ. చెంచాలు కొలిచే పని పెట్టుకోలేదు. నెల మొదటి రోజు మూడు లీటర్లు ఒక స్టీలు క్యానులో పోసి పెట్టమన్నాను. 30 దాకా అదే రావాలి. ఎలా వాడుకుంటారో మీ ఇష్టం, బజ్జీలు వేస్తే మిగతా రోజులు చూసుకోవాలి. ఆ పద్ధతి ఆవిడకు నచ్చింది. ఆవిడ చిన్నప్పుడు గానుగ నుంచి తెచ్చిన నూనెను నెలంతా సర్దుకునేవారట. అక్టోబర్‌లో 24కే అయిపోయింది, నవంబర్‌లో 28 దాకా వచ్చింది, డిసెంబర్‌లో మిగిలింది. అంటే మనిషికి రోజుకు 30 గ్రాముల దగ్గరికి వచ్చారు, 180 కేలరీలు తగ్గాయి. పళ్లెంలో ఒక్క ముద్ద కూడా తగ్గలేదు. కర్రీ పాయింటు కూరలు వారానికి మూడు రాత్రుల నుంచి ఒకటికి దిగాయి. ఆ నూనె మన క్యానులోది కాదు కాబట్టి దాన్ని కొలవలేం, తగ్గించుకోగలమంతే.

రెండోది పప్పు. మొదటి లెక్కలో టీచర్ గారికి ప్రొటీన్ రోజుకు 38 గ్రాములు. సోమ, గురు, శనివారాలు నీచు తినరు, మిగతా రోజుల్లోనూ ఆదివారం తప్ప పెద్దగా లేదు. పప్పు ఉంది కానీ పల్చని పప్పుచారే ఎక్కువ, అన్నంలో కలిసిపోయేంత. కండ నిలబెట్టుకోవాల్సిన వయసులో 60 గ్రాములు దాటాలన్నది నా లక్ష్యం. పొద్దున ఇడ్లీ బదులు రెండు పెసరట్లు, 50 గ్రాముల పెసల్లో 12 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. సాయంత్రం బిస్కెట్ల బదులు గుప్పెడు సెనగ గుగ్గిళ్లు. రాత్రి అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు, గట్టి పప్పు. రొట్టె తట్టడం అత్తమ్మకు చేతి విద్య, సగం జీవితం అదే చేశారట, హైదరాబాద్ వచ్చాకే మానేశారు. గుడ్డు తినే రోజుల్లో రెండు. వీటితో నీచు లేని రోజు కూడా 60 దాటింది.

పగటి అన్నం అలాగే ఉంచాం. ముందు కూర, పప్పు వడ్డించుకుని తర్వాత అన్నం పెట్టుకోవడం ఒక్కటే మార్పు. మొత్తం మీద రోజుకు 1,500 దగ్గర. నెలకు కిలో తగ్గితే చాలని ముందే చెప్పాను. ఆవిడకు అది నచ్చలేదు. “మూడు నెలల్లో 8 కిలోలు తగ్గినదాన్ని మేడమ్ నేను” అన్నారు. ఆ 8 కిలోలు ఇప్పుడు ఎక్కడున్నాయని అడిగాక ఊరుకున్నారు.

సర్వే నెల

2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి సమగ్ర కుటుంబ సర్వే చేపట్టింది. ప్రాథమిక పాఠశాలల టీచర్లకు, హెడ్మాస్టర్లకు డ్యూటీలు పడ్డాయి. పొద్దున ఒంటిపూట బడి, మధ్యాహ్నం నుంచి ఇల్లిల్లూ తిరగడం. టీచర్ గారు నాకు ఫోన్ చేసి దాదాపు ఏడ్చినంత పని చేశారు. మోకాళ్ల నొప్పి, మెట్లు, టెన్షన్, ఇక డైటూ లేదూ ఏమీ లేదూ అని. ఐరన్ మొదలుపెట్టి అప్పటికి ఆరు వారాలు, ఆయాసం తగ్గింది. “తిండి గురించి ఆలోచించకండి. రాత్రి అడుగుల లెక్క మాత్రం నాకు పంపండి” అన్నాను.

9,200. 8,700. 10,400. లిఫ్టులు లేని పాత ఇళ్లు, సందులు, మళ్లీ రమ్మన్న ఇళ్లకు మళ్లీ వెళ్లడం. ప్రతి ఇంట్లో టీ ఇస్తే సగం చోట్ల కాదనలేక తాగారు. మూడు వారాల తర్వాత తూకం చూస్తే 900 గ్రాములు తగ్గారు. అంకె చిన్నదే, అందులో కొంత నీరూ ఉండొచ్చు. కానీ ఆవిడ చెప్పింది వేరే: పదింటికి పడుకుంటే ఒళ్లెరగని నిద్ర పట్టింది, సాయంత్రం నాలుగింటి ఆకలి మాయమైంది.

“మేడమ్, నా మెటబాలిజం సర్వేకు వచ్చిందా ఏంటి?” అన్నారు.

నేను నెల రోజులు చెప్పినా ఒంటికి ఎక్కనిది ఆ మూడు వారాల్లో ఎక్కింది. రోజుకు 6,000 అడుగులు అదనంగా నడిస్తే ఆవిడ బరువుకు 200 కేలరీల దాకా ఖర్చు. ఇరవై ఏళ్ల వయసు తీసుకెళ్లినదానికి రెట్టింపు. సర్వే అయిపోయాక ఆ నడకను ఎక్కడ దాచుకోవాలన్నదే మా సమస్య అయింది. పొద్దున భర్తతో స్కూటర్ మీద ఉస్మానియా యూనివర్సిటీకి వెళ్లి ఆర్ట్స్ కాలేజీ వైపు అరగంట నడక. కారు బడికి అర కిలోమీటరు ముందే ఆపడం. రాత్రి తిన్నాక పావుగంట అపార్ట్‌మెంటు చుట్టూ, భోజనం తర్వాతి నడక షుగర్‌ను త్వరగా దించుతుంది. సగటు 7,500 దగ్గర నిలిచింది.

కండ గురించి

కండ పెరిగితే కూర్చున్నా కొవ్వు కరిగిపోతుందని జిమ్ ప్రకటనలు చెబుతాయి. అది నిజం కాదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు కిలో కండ రోజుకు 13 కేలరీలు ఖర్చు పెడుతుంది, కిలో కొవ్వు నాలుగున్నర. రెండు కిలోల కండ సంపాదించినా 26 కేలరీలే. అయినా నేను కండ మీద పట్టుబట్టాను. తిన్న చక్కెరలో పెద్ద భాగాన్ని రక్తంలోంచి తీసుకునేది కండే. మోకాలిని కాచేది తొడ కండే. కుర్చీలోంచి సునాయాసంగా లేవలేని మనిషి రోజంతా లేవకుండా ఉండే దారులే వెతుక్కుంటుంది. అడుగులు తగ్గడం అక్కడే మొదలవుతుంది.

మోకాళ్ల కోసం ఫిజియోథెరపిస్టు ఒకసారి చూశారు. తర్వాత ఇంట్లోనే, వారానికి రెండు రోజులు, 20 నిమిషాలు: కుర్చీలోంచి లేవడం, గోడకు పుష్-అప్‌లు, రబ్బరు బ్యాండు వెనక్కి లాగడం, మెట్టెక్కి దిగడం, రెండు చేతుల్లో అయిదేసి కిలోల బియ్యం సంచులు పట్టుకుని హాల్లో నడవడం. సులువైన రోజు ఇంకో రెండుసార్లు ఎక్కువ. జనవరికి కుర్చీ లెక్క 13, ఏప్రిల్‌కు 15.

ఆగిపోయిన నాలుగు నెలలు

సంక్రాంతి ముందు 70.9, పండగ తర్వాత 71.7, ఫిబ్రవరి ఆఖరుకు 69.9. అక్కడితో సరి. మార్చి నుంచి జూన్ దాకా 69.6కూ 70.2కూ మధ్యే. ఏప్రిల్‌లో వేసవి సెలవులు మొదలయ్యాక పరిస్థితి ఇంకా చెడింది. బడి లేదు, ఎండకు బయటికి కదిలే వీల్లేదు, అడుగులు 4,000. కొడుకు పది రోజులు వచ్చి వెళ్లాడు. ఆవకాయ పెట్టారు. ఆవకాయ నూనె క్యానులో లెక్క కాదనుకున్నారు, ముద్దకో చెంచా నూనె వేసుకుని తింటూ.

మార్చిలో బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ మన దేశంలో మార్కెట్‌లోకి వచ్చింది. బడిలో ఒకరి బంధువు వేసుకుంటున్నారట. “అది వేసుకుంటే అయిపోయేదానికి ఎందుకింత కష్టం?” అని భర్త అడిగారు. అడగడంలో తప్పేమీ లేదు. ఆ మందు నిజంగా పనిచేస్తుంది, అవసరమైనవాళ్లు వేసుకోవడం సిగ్గుపడే విషయం కాదు, నా దగ్గరికి వచ్చేవాళ్లలోనే కొందరికి నేనే డాక్టర్‌ను కలవమని చెబుతాను. టీచర్ గారినీ ఫిజీషియన్ దగ్గరికి పంపాను. అప్పటికి హెచ్‌బీఏ1సీ 5.8కి దిగింది, బీపీ 126/80. మందు రాయగలం, కానీ ఇప్పుడు తొందర లేదు, ఆరు నెలలు చూద్దామన్నారు. వేసుకున్నా ప్రొటీన్, కండ వ్యాయామం మానడానికి లేదని, లేకపోతే తగ్గేదాంట్లో కండ కూడా పోతుందని ఆయన చెప్పాక భర్త కూడా సరేనన్నారు.

నాలుగు నెలలు తూకం కదలకపోతే ఎవరికైనా మనసు విరుగుతుంది. ‘మళ్లీ మెటబాలిజం’ అన్నారు. ఈసారి ఆ మాటలో కొంత నిజముంది. 5 కిలోలు తగ్గిన ఒంటికి ఖర్చూ తగ్గుతుంది, సూత్రం ప్రకారమే 50 కేలరీలు. అదే దూరం నడిచినా మోసే బరువు తక్కువ కాబట్టి అక్కడా తగ్గుతుంది. ఒంటి పొదుపు దాని మీద అదనం. ఇలాంటప్పుడు తిండి ఇంకా తగ్గించమనే సలహా నేను ఇవ్వను, 2022లో ఆవిడ ఆ దారిలో వెళ్లి చూశారు. అదీగాక ఆ నాలుగు నెలల్లో బరువు కదలకపోయినా నడుము 2 సెంటీమీటర్లు తగ్గింది. నడక తెల్లవారి ఐదున్నరకు మార్చాం, వ్యాయామం రెండు రోజుల నుంచి మూడుకు పెంచాం, ఆవకాయ నూనెకు క్యానులోంచే వాటా తీశాం. తూకం రోజూ చూడటం మాన్పించాను, నెలకు ఒకసారి నా దగ్గరే. జూన్‌లో బడి తెరిచాక జులైకి 69.2.

2002లో వెలువడిన అమెరికా డయాబెటిస్ నివారణ అధ్యయనంలో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. టీచర్ గారికి 7 శాతం అంటే 69.4. ఆ గీత దాటిన రోజు ఎర్ర పెన్నుతో తన డైరీలో పెద్ద టిక్కు పెట్టుకున్నారు. పిల్లల నోటుపుస్తకంలో పెట్టినట్టే.

ఇప్పుడు

2025 అక్టోబర్, 14 నెలలు. బరువు 67.9, నడుము 87.5. హెచ్‌బీఏ1సీ 5.6, ట్రైగ్లిజరైడ్లు 142, హిమోగ్లోబిన్ 12.4. కుర్చీ లెక్క 17. బీఎంఐ ఇంకా 28, పాఠ్యపుస్తకం ప్రకారం ఊబకాయమే. 54 కిలోలకు వెళ్లడం మా లక్ష్యం కాదని ఇద్దరం ఒప్పుకున్నాం. 65 దగ్గర నిలబడగలిగితే నాకు సంతోషం.

నిద్ర ఇంకా దారికి రాలేదు. రాత్రి రెండున్నరకు ఒళ్లంతా వేడి ఆవిర్లతో మెలకువ వస్తోంది, వారంలో మూడు నాలుగు రోజులు. అప్పుడు వంటింట్లోకి వెళ్లి టీ, బిస్కెట్లు తీసుకోవడం మాత్రం మానేశారు. సాయంత్రం నాలుగు తర్వాత టీ లేదు, పడక గది చల్లగా ఉంచుకుంటున్నారు. హార్మోన్ చికిత్స గురించి గైనకాలజిస్టు వివరంగా చెప్పారు, ప్రస్తుతానికి వద్దనుకున్నారు, అది ఆవిడ నిర్ణయం. గురక ఉందని భర్త చెబుతున్నారు. నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే స్లీప్ స్టడీ చేయించమని మూడు నెలల నుంచి అడుగుతున్నాను, ఇంకా చేయించలేదు. పొద్దున తలనొప్పి ఉంటోందని ఈసారి చెప్పారు కాబట్టి ఇక వాయిదా కుదరదని గట్టిగానే అన్నాను.

మొన్న వచ్చినప్పుడు అత్తమ్మ కూడా వచ్చారు. కోడలు కుర్చీ పరీక్ష చేస్తుంటే పక్కన కూర్చుని లెక్కపెట్టారు. అయిపోయాక, “నేను జేస్త, నాది గూడ రాయి బిడ్డా” అన్నారు. కొంగు బిగించి లేచారు. 8 సార్లు. ఆవిడ పేరు మీదా ఒక ఫైలు తెరిచాను.